ఇంటికి గుమ్మడికాయ

ఏప్రిల్ 7, సోమవారం. స్కోఫీల్డ్స్.

ఈరోజు నుంచి వంట నాది.

మా ఊరి బడిలో మాస్టారు అనేవారు, చేయదలచుకున్నది కాగితం మీద పెట్టండిరా, సగం అయినట్టేనని. ఇదిగో పెట్టాను. సగం అయింది.

ఎందుకంటే, శుక్రవారం మా ఆవిడ సుభద్ర పోస్టు డబ్బా దగ్గరికి వెళ్ళింది. వాన పడి ఆగింది. ఇక్కడ ఏప్రిల్ అంటే ఆకులు రాలే కాలం, వీధి చెట్ల ఆకులు ఎర్రగా రాలి సిమెంటుకి అతుక్కుపోయి ఉన్నాయి. ఒకదాని మీద కాలు వేసింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. మన ఊళ్ళో అరటి తొక్క మీద జారతారు, ఇక్కడ ఆకు మీద జారతారని డాక్టరుకి చెప్పమంది. నేను చెప్పలేదు. అరటి తొక్కని ఇంగ్లీషులో ఏమంటారో వెంటనే తోచలేదు.

మేముండేది మా అబ్బాయి కార్తికేయ ఇంటి పెరట్లో. ఒక పడకగది, ఒక వంటగది, ముందు చిన్న పంచ. దీన్ని ఇక్కడ గ్రానీ ఫ్లాట్ అంటారు. గ్రానీ అంటే ముసలమ్మ. ముసలాయన పేరుతో ఇళ్ళు లేవు.

నిన్న అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. అమ్మ చెయ్యి బాగయ్యేదాకా పెద్దింట్లో తినండి అన్నాడు. మళ్ళీ తనే, అసలు అక్కడికే వచ్చేయండి, ఈ ఇల్లు నా ఆఫీసుకి బాగుంటుంది, గరాజ్‌లో కూర్చుంటే చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి అన్నాడు. మంచిగానే అన్నాడు. తప్పు పట్టడానికేమీ లేదు.

మా ఆవిడ పొయ్యి వైపు చూసింది. ఈ పొయ్యి మీద మొదటి పాలు పొంగించింది తనే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏ ఊళ్ళో ఉన్నా తనదంటూ ఒక పొయ్యి ఉంది. అది పోతే ఏమవుతుందో నాకు తెలుసు. కొడుకింట్లో చుట్టమవుతుంది.

నేను వండుతాను అన్నాను.

వాడితో వచ్చిన కోడలు నీలిమ టీ కప్పు నోటి దాకా తెచ్చి ఆపేసింది.

"కట్టు విప్పేదాకా చూద్దాం నాన్నగారూ" అన్నాడు అబ్బాయి. "కుదరకపోతే అప్పుడు వచ్చేద్దురుగాని."

కాబట్టి సంగతి ఇది. రోజూ సాయంత్రం ఈ పొయ్యి వెలగాలి. లేకపోతే ఇల్లు పోతుంది.

నాకు వచ్చిన వంట: నీళ్ళు కాచడం. కాఫీ కలపడం. గుమ్మడికాయ కొట్టడం.

మూడోది ఎలా వచ్చిందంటే, మాలో ఆడవాళ్ళు గుమ్మడికాయ మీద మొదటి దెబ్బ వేయరు. మగవాడు కొట్టి రెండు చెక్కలు చేసి ఇవ్వాలి. తర్వాత ముక్కలు వాళ్ళు తరుగుతారు. ఎందుకో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇన్నేళ్ళలో నన్ను వంటింట్లోకి పిలిచింది అందుకే. ఇక్కడ కొట్లో కోసిన చెక్కలే ప్లాస్టిక్ చుట్టి అమ్ముతారు. మా ఆవిడ కొననివ్వదు. కొట్టిందెవరో తెలీదు అంటుంది.

ఏం వండాలో కూడా నిర్ణయించాను. ఆసుపత్రి బల్ల మీద ఒక రంగుల పుస్తకం చూశాను. అంతా రాలిన ఆకులు, పొగలు కక్కే గిన్నెలు. ఆకులు రాలే కాలంలో ఆ కాలానికి పండేవే వండుకోవాలట, వేడిగా, మెత్తగా. కంఫర్ట్ ఫుడ్ అని రాసి ఉంది. కంఫర్ట్ అంటే బట్టలు జాడించేటప్పుడు పోసే వాసన మందనుకున్నాను. మనసుకి హాయినిచ్చే తిండి అట.

గుమ్మడికాయ, చిలగడదుంప, పుట్టగొడుగులు, క్విన్స్ అనే కాయ, చెస్ట్‌నట్ అనే గింజ. బొమ్మలు గుర్తు పెట్టుకున్నాను.

ఏప్రిల్ అంటే నా ఒంటికి మామిడికాయ, ముంజెలు, పనసపిక్కలు. ఒంటిని మార్చుకోవాలి.

ఏప్రిల్ 8, మంగళవారం.

గుమ్మడికాయ కొన్నాను. కొట్టాను. ఒకే దెబ్బ.

పులుసు. మా ఆవిడ స్టూలు మీద కూర్చుని చెప్పింది, నేను చేశాను. చింతపండు పిసకమంది. బెల్లం వేయమంది. ఉప్పు వేయమంది. నేను అప్పటికే వేశాను, మళ్ళీ వేశాను. చెప్పినట్టు చేయడమే కదా.

ఉప్పెక్కువైంది. నీళ్ళు పోశాను. పులుసు రసమైంది. అయినా వేడిగా, మెత్తగా ఉంది. పుస్తకంలో అడిగింది అంతే.

మొన్న ఆదివారం, వేసవి అయిపోయిందని ఇక్కడ అందరూ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. కడుపు తిప్పుకోలేదు. సాయంత్రం కాకముందే ఆకలి. మంచిదే. వంటకి ఊపు వస్తుంది.

ఏప్రిల్ 9, బుధవారం.

చిలగడదుంపల వేపుడు. పోపు వేశాను. ఎండుమిరపకాయ నల్లబడింది. నెత్తి మీద పొగ అలారం కూసింది.

మా ఇంట్లో కూస్తే పెద్దింట్లో కూడా కూస్తుందని నాకు తెలీదు. రెంటికీ ముడి పెట్టి ఉంచారట, ముసలివాళ్ళున్నారని. అబ్బాయి గరాజ్ నుంచి చెవిలో వైరుతో, కాళ్ళకి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. మీటింగులో ఉన్నాడు. వైరులో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. నేను తువ్వాలు ఊపుతున్నాను. మా ఆవిడ ఎడం చేత్తో కిటికీ తీస్తోంది.

నవ్వేశాడు. ఇదంతా మొదట్లో మామూలే అన్నాడు.

వేపుడు బాగుంది. కింద మాడినది తీసేస్తే.

ఏప్రిల్ 11, శుక్రవారం.

క్విన్స్ దొరికింది. పెద్ద జామకాయలా పచ్చగా, నూగుగా, మంచి వాసనతో ఉంది. కొట్టు బయటే కొరికాను. నోరు పిడచగట్టుకుపోయింది. బస్ స్టాపులో ఒకాయన గుడ్ మార్నింగ్ అంటే జవాబు చెప్పలేకపోయాను. మామూలుగానూ చెప్పను. ఈసారి కారణం ఉంది.

కానీ పులుపుంది. పులుపుంటే పప్పులో వేయొచ్చు. మామిడికాయ పప్పులాగే చేశాను. ముక్క ఉడికి గులాబీ రంగు తిరిగింది. ఈసారి పోపుకి ముందు తలుపు తీశాను. అలారం ఊరుకుంది.

మా ఆవిడ చెంచాతో తింటోంది, ఎడం చేత్తో. రెండోసారి పెట్టమంది. ఎలా ఉందని నేను అడగలేదు.

"ఊఁ" అంది.

యాభై ఏళ్ళలో నేను చేసిన పనికి ఊఁ అనడం ఇదే మొదలు. పెద్దింటికి ఒక గిన్నె పంపించాం. గిన్నె ఖాళీగా, కడిగి వెనక్కి వచ్చింది. నీలిమ తెచ్చి గడప మీద పెట్టి వెళ్ళింది.

నీలిమా నేనూ నేరుగా మాట్లాడుకోం. కోపం కాదు. ఆమెకి మొహమాటం, నాకు ఇంకా మొహమాటం. మధ్యలో మా ఆవిడ టెలిఫోను ఎక్స్చేంజీలా ఉంటుంది.

ఏప్రిల్ 14, సోమవారం.

వారం పూర్తయింది. ఇదేమంత కష్టం కాదు. ఆడవాళ్ళు ఊరికే పెద్దది చేసి చెబుతారు. (ఈ మాట మా ఆవిడకి వినిపించలేదు.)

సాయంత్రం కంచె మీంచి పక్కింటి ప్రేమవతి పిలిచింది. ఫిజీ వాళ్ళు. ముత్తాతల కాలంలో విశాఖ వైపు నుంచి చెరకు తోటలకి ఓడెక్కి వెళ్ళిన కుటుంబం. ఆమెకి మిగిలిన తెలుగు నాలుగు మాటలు. అన్నా, కూర, రా, ఇంటికి. మిగతాదంతా ఇంగ్లీషు, వాళ్ళ హిందీ. ఆమె భర్త ధీరేన్ పెరడంతా పాదులు పెట్టాడు. నెల కిందట భుజానికి ఆపరేషను అయి ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఉంటాడు.

ఆమె ఒక పెద్ద కాయని కంచె మీంచి అందించింది. బూడిద రంగు.

"ఇంటికి, అన్నా. ఇంటికి" అంది.

తర్వాత ఇంగ్లీషులో వేగంగా ఏదో చెప్పింది. చేత్తో రెండుగా నరికినట్టు చూపించింది. నాకు అర్థం కాకపోతే తల ఊపుతాను. ఊపాను.

బూడిద గుమ్మడికాయ. ఇంటికి. మా వంటింటికి దిష్టి తగిలిందని ఆమె ఎలా కనిపెట్టిందో. ముందు గుమ్మానికి కట్టి, ఆనక పగలగొట్టమని చెప్పింది. సముద్రాలు దాటినా మరిచిపోలేదు చూడు.

మా ఆవిడ అనుమానంగా చూసింది. "నిలువునా గాడులున్నాయేంటండీ దీనికి?"

ఈ దేశపు బూడిద గుమ్మడి ఇలాగే ఉంటుంది అన్నాను. ఎడం చేత్తో పసుపు రాసి బొట్టు పెట్టింది. ఉల్లిపాయల వల సంచిలో వేసి పంచలో కట్టాను. ఇంటికి కళ వచ్చింది.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే.

కొట్లన్నీ మూసి ఉన్నాయి. కాలానికి పండేవి కాలానికి అమ్మితేనే కదా వండేది. బ్రెడ్డు కాల్చాను. టోస్టరు కూడా పొయ్యి జాతే.

ఏప్రిల్ 21, సోమవారం.

ఇంకా సెలవులే. ఊరంతా తిని పడుకుంటోంది. మేమూ అంతే. నిన్నటి అన్నంలో పెరుగు.

ఏప్రిల్ 22, మంగళవారం.

వాన. మోకాలు. పుట్టగొడుగులు తెచ్చాను కానీ మా ఆవిడ వాటిని పేడకుప్ప మీద మాత్రమే చూసింది, పళ్ళెంలో చూడనంది. నేనొక్కడినీ తిన్నాను. చెప్పుకోవడానికేమీ లేదు.

నిర్ణయంలో చిన్న మార్పు. ఇకమీద రోజు విడిచి రోజు.

ఏప్రిల్ 25, శుక్రవారం.

యాన్జాక్ డే. యుద్ధంలో పోయినవాళ్ళకి దణ్ణం పెట్టుకునే రోజు. మధ్యాహ్నం దాకా కొట్లు తీయరు. మధ్యాహ్నం తర్వాత తీశారు కానీ అప్పటికి నా ఉత్సాహం మూతపడింది.

పెద్దింట్లో తిన్నాం. ఒక్క పూటే. నీలిమ ముక్కల కూర చేసింది. మా ఆవిడ సోఫా అంచున కూర్చుంది, చేతి సంచి ఒళ్ళో పెట్టుకుని. ఇంకొంచెం వేసుకోండి అత్తయ్యగారూ అంటే, చాలమ్మా, చాలమ్మా అంది. ఆమె చాలు అనడం నేనెప్పుడూ వినలేదు.

రేపటి నుంచి మళ్ళీ రోజూ.

ఏప్రిల్ 28, సోమవారం.

రేపటి నుంచి.

ఏప్రిల్ 30, బుధవారం.

ఇది రాయకూడదనుకున్నాను.

చెస్ట్‌నట్లు దొరికాయి. చూడగానే ప్రాణం లేచి వచ్చింది. అచ్చం పనసపిక్కలే. అదే నునుపు, అదే గోధుమ రంగు. మా ఊళ్ళో ఈ రోజుల్లో పిక్కలు నిప్పుల్లో వేసి కాల్చుకుని ఉప్పు అద్దుకుని తింటాం. ఇక్కడ నిప్పుల్లేవు. అవెన్ ఉంది. సంచి మొత్తం పళ్ళెంలో పోసి లోపల పెట్టి, వేడి ఎంతవరకు తిరుగుతుందో అంతవరకు తిప్పాను. మా ఆవిడని ఆశ్చర్యపరుద్దామని ఏమీ చెప్పలేదు.

వాటికి ముందు గాటు పెట్టాలట. పనసపిక్కకి ఎవరూ పెట్టగా చూడలేదు.

మొదటిది పేలినప్పుడు బయట కారు టైరనుకున్నాను. తర్వాత వరసగా, దీపావళి లక్ష్మీ బాంబుల్లా. మా ఆవిడ మంచం మీంచి లేచి కట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను అవెన్ తలుపు తీశాను. తీయకుండా ఉండాల్సింది. పొగ, పిండి, పెంకులు. ఒకటి వచ్చి దేవుడి పటానికి తగిలింది. అలారం. రెండిళ్ళ అలారాలు.

అబ్బాయి వాళ్ళ పెద్దాఫీసరుకి ఏదో చూపిస్తున్నాడట ఆ సమయానికి. నెల రోజుల పని. మధ్యలో ఆపేశారు.

వాడు వచ్చి కుర్చీ ఎక్కి అలారం ఆపాడు. దిగాడు. అవెన్ కట్టేశాడు. నేలంతా చూశాడు. కాలికి అంటిన పెంకు తీసి చెత్తడబ్బాలో వేశాడు. అరిచినా బాగుండేది.

మే 2, శుక్రవారం.

ఏమీ వండలేదు. ఆకలి లేదు. పిజ్జా వచ్చింది. తిన్నాం.

మే 4, ఆదివారం.

అబ్బాయి టేపు పట్టుకుని వచ్చాడు. కిటికీ కింద గోడ కొలిచాడు. బల్ల అక్కడ సరిపోతుందట. వచ్చే శనివారం తెస్తానన్నాడు.

"మీకూ హాయే నాన్నగారూ. వేళకి వేడివేడిగా తినొచ్చు. అమ్మకి ఇంక శ్రమెందుకు చెప్పండి."

తల ఊపాను. ఈసారి అర్థమయ్యే ఊపాను.

వాడు వెళ్ళాక మా ఆవిడ పోపుల పెట్టె కిందికి దించింది. పాత తువ్వాలులో చుట్టింది. ఎడం చేత్తో ముడి పడలేదు. నేను వేశాను. నిలిచే ముడి కాదు నేను వేసింది.

మే 6, మంగళవారం.

బ్రెడ్డు.

మే 8, గురువారం.

పొద్దున్న తలుపు తీస్తే పంచలో అంతా తడి గుజ్జు, గింజలు. రాత్రి పోసమ్ వచ్చింది. పిల్లికీ ఎలుకకీ మధ్య రకం జంతువు, ఇళ్ళ కప్పుల మీద తిరుగుతుంది. వల సంచి కొరికి దిష్టి గుమ్మడికాయకి పెద్ద కన్నం పెట్టింది.

ఇంకేముంది, దిష్టి కాయ కూడా ఓడిపోయింది అనుకున్నాను. తుడుద్దామని వంగితే, లోపల ఎర్రగా ఉంది. కమలా పండు రంగు. తీపి వాసన.

బూడిద గుమ్మడికాయ లోపల తెల్లగా ఉండాలి.

అలా వంగి ఉండగానే కంచె మీంచి ప్రేమవతి చూసింది. చుట్టూ తిరిగి గేటులోంచి వచ్చేసింది. కాయని చూసింది, దాని బొట్టుని చూసింది, నన్ను చూసింది.

"అన్నా, వై యు డూయింగ్ పూజా టు మై కూర?"

మా ఆవిడ లోపలి నుంచి వచ్చింది. ప్రేమవతి ఆమెకి చేతులతో మొత్తం మళ్ళీ చెప్పింది. ఈసారి నెమ్మదిగా, నాకూ తెలిసేలా. ఆ రంగు కాయ ఇక్కడి మామూలు గుమ్మడికాయే. ధీరేన్ పండించాడు. ఇంటికి అంటే ఇంటికి పట్టుకెళ్ళమని. చేత్తో నరికినట్టు చూపించింది దిష్టి తీయమని కాదు, కోయమని.

"యు కట్. హాఫ్ ఫర్ యు, హాఫ్ ఫర్ మీ. ఆజీ సెడ్, లేడీస్ నాట్ కట్టింగ్ ఫస్ట్. ధీరేన్ షోల్డర్ ఈజ్ ఫినిష్డ్. ఐ యామ్ వెయిటింగ్, వెయిటింగ్ ఫర్ మై హాఫ్. అండ్ యు పుట్ ఇట్ ఇన్ ది సంచి."

ఆజీ అంటే వాళ్ళ నాయనమ్మ. సంచి అనే మాట కూడా ఆమెకి తెలుసని అప్పుడు తెలిసింది. అంటే ఐదు మాటలు.

మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. కట్టు చెయ్యి గుండెకి ఆనించుకుని గోడకి జారబడి నవ్వింది. పడిపోయిన దగ్గర్నుంచీ నవ్వలేదు. "గాడులున్నాయని నేను చెప్పలేదా అండీ" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది.

ప్రేమవతి గరాజ్‌లో ధీరేన్ ఆపరేషనుకి ముందు పాదుల నుంచి తెంపి పెట్టిన కాయలు వరసగా ఉన్నాయట. కొట్టే మగవాడు లేక అలాగే ఉన్నాయి. వాళ్ళ కొడుకు శాలేంద్ర ఉండేది ఎక్కడో బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో. గుమ్మడికాయ కోసం అంత దూరం నుంచి మనిషిని పిలిపించుకోలేరు కదా.

నేను మామూలుగా తల ఊపేవాణ్ణి. ఈసారి మాట వచ్చింది.

"పట్టుకురా అమ్మా" అన్నాను.

రా అన్న మాట ఆమెకి తెలుసు.

మే 9, శుక్రవారం.

తోపుడు బండిలో తెచ్చింది. బూడిద రంగువి, పచ్చ చారలవి, సీసాలా పొడుగువి. పంచలో గోనె పరిచి కూర్చున్నాను. కత్తి మొన దింపడం, పైన అరచేత్తో ఒక్క చరుపు. టప్. చరుపు. టప్. ధీరేన్ కూడా కట్టుతోనే వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా పక్కింటి వాడై నాలుగేళ్ళయింది. ఈరోజే కలిసి కూర్చున్నాం. ఆయనా ఎక్కువ మాట్లాడడు. బాగా కుదిరింది.

పెద్దింటి వంటగది కిటికీలోంచి నీలిమ చూసింది. కాసేపు అక్కడే ఉంది.

రేపు శనివారం. బల్ల వస్తుంది.

మే 10, శనివారం.

చేతులు నొప్పి. అయినా రాస్తాను.

పొద్దున్నే తలుపు తట్టారు. అబ్బాయనుకున్నాను. నీలిమ. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుమ్మడికాయని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. మా ఆవిడ స్నానానికి వెళ్ళింది. ఎక్స్చేంజీ లేదు.

"మావయ్యగారూ, ఇది కొట్టిపెడతారా?"

కొట్లో కోసిన చెక్కలు దొరుకుతాయి కదమ్మా అన్నాను. కాయ బరువు చూసి అన్నాను. ఇంకేం అనాలో తెలీక.

"దొరుకుతాయండి" అంది. కాయ వైపు చూస్తూ. "కొట్టిందెవరో తెలీదు కదండీ."

పుచ్చుకున్నాను. కొట్టాను. ఒకే దెబ్బ.

చెక్కలు తీసుకుని పెద్దింటికి పోతుందనుకున్నాను. పోలేదు. చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. "అత్తయ్యగారు చెబితే ఇక్కడే చేసేస్తాను. అక్కడ నాకెప్పుడూ ఆ పులుసు కుదరదు" అంది. మా ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చి విన్నది. మూలనున్న తువ్వాలు మూట తెచ్చి నా ముందు పెట్టింది. నా ముడి నేనే విప్పాను. లాగకముందే ఊడింది. పోపుల పెట్టె మళ్ళీ గట్టు మీదికెక్కింది.

ఇంతలో ప్రేమవతి వచ్చింది, తన వాటా చెక్కలతో, మెంతులతో. వాళ్ళ పద్ధతిలో గుమ్మడికాయ మెంతి పోపుతో చేస్తారట, పూరీల్లోకి. ఒక పొయ్యి మీద పులుసు, ఒక పొయ్యి మీద మెంతి కూర. మా ఆవిడ స్టూలు మీద. కట్టు చేత్తోనే చూపిస్తోంది. "అంత కాదమ్మా. ఇంకా. ఆఁ. చాలు." ఈ చాలు వేరే చాలు.

నేను పోపుకి ముందు తలుపు తీశాను. కిటికీ తీశాను. ఫ్యాను వేశాను. నాకు తెలిసిన వంట అది.

అప్పుడు అబ్బాయి వచ్చాడు. బల్ల ఒక పక్క తను, ఇంకో పక్క ఒంటి చేత్తో ధీరేన్. గుమ్మం దగ్గర ఆగారు. లోపల అడుగు పెట్టే చోటు లేదు. కిటికీ కింద గోడ దగ్గర, వాడు టేపుతో కొలిచిన చోటే, వాడి భార్య నిలబడి పూరీ పిండి కలుపుతోంది.

"నీలూ, కాస్త జరుగుతావా, బల్ల..."

"కుదరదండీ. చేతినిండా పిండి" అంది నీలిమ. తిరిగి కూడా చూడలేదు.

వాడు నా వైపు చూశాడు. నేను గుమ్మడికాయ వైపు చూశాను.

ధీరేన్ చెయ్యి లాగేస్తోందన్నాడు. బల్ల పంచలోనే దించారు. దించిన బల్ల ఖాళీగా ఉంటుందా. ప్రేమవతి పూరీల పళ్ళెం తెచ్చి దాని మీద పెట్టింది. తర్వాత పులుసు గిన్నె. తర్వాత మంచినీళ్ళు. అబ్బాయి కాసేపు నిలబడి చూశాడు. పెద్దింట్లోకి వెళ్ళాడు. కుర్చీలతో తిరిగి వచ్చాడు.

అందరం అక్కడే తిన్నాం. ఎండ పలచగా ఉంది. ఆకులు వచ్చి బల్ల మీద పడుతుంటే మా ఆవిడ ఒక్కొక్కటీ ఏరి కింద పడేసింది. వాటి మీద ఆమెకి ఇంకా కోపం పోలేదు.

వాడు పులుసు మూడోసారి పోసుకున్నాడు. గిన్నె అడుగు గీకుతూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు:

"గరాజ్‌కి ఒక హీటరు కొనుక్కుంటాలే అమ్మా."

మా ఆవిడ వాడి పళ్ళెంలో ఇంకో పూరీ వేసింది. ఎడం చేత్తో.

జూన్ 1, ఆదివారం.

కట్టు విప్పి పది రోజులు దాటింది. చెయ్యి సన్నబడింది కానీ అట్లకాడ పట్టుకుంటోంది. పొయ్యి ఆమెది ఆమెకి వచ్చేసింది. బల్ల పంచలోనే ఉంది. శనివారాలు దాని మీద తింటున్నాం.

ఈ నోటు బుక్కు మొదటి నుంచి చదివాను. రోజూ వండుతానన్నాను. ఎన్ని రోజులు వండానో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టకపోవడమే మంచిదనిపించింది.

ఇక్కడి లెక్కలో ఈరోజు నుంచి చలికాలం. ఆకులన్నీ రాలిపోయాయి, రాలడానికింకేం లేవు. నిన్న కొట్లో చూశాను. కాలీఫ్లవర్, నారింజలు, నిమ్మకాయలు, ముల్లంగి వచ్చాయి. నీలిమ కూడా పక్కనే ఉంది. ముల్లంగి సాంబారు మీరు చేస్తే తింటానండి మావయ్యగారూ అంది. నేరుగా నాతోనే అంది.

కాబట్టి నిర్ణయం. చలికాలమంతా, ఆ కాలానికి పండేవాటితో, రోజూ సాయంత్రం వంట నాదే. ముందు తలుపు, తర్వాత కిటికీ, తర్వాత పోపు. చెస్ట్‌నట్ల జోలికి వెళ్ళను. రేపు సోమవారం, మొదలుపెట్టడానికి మంచి రోజు. రేపు వాన అంటున్నారు. అయితే మంగళవారం.

మా ఆవిడకి చెప్పాను. పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండానే "ఊఁ" అంది.

ఇది క్విన్స్ పప్పు నాటి ఊఁ కాదు.